పీనుగుతో అంగడికి

మా మనవరాలు పావని టీవీకి తగిలించి ఆడే పాత గేములో నలుగురు వీరులు ఊళ్లు తిరుగుతుంటారు. వాళ్లలో మందులిచ్చే ముసలామెకు నా పేరే పెట్టింది. నిన్న మగ్గం దిగి వచ్చి చూస్తే, ఆ అనసూయమ్మ చచ్చిపోయి ఉంది. మిగతా ముగ్గురూ ఆమెను పెట్టెలో పెట్టి, వెనకే ఈడ్చుకుంటూ కత్తులమ్మే అంగడిలోకి పోయారు.

"థూ! పీనుగును ఎంటబెట్టుకొని బేరాలకు పోతాండావా?" అన్నాను.

"గుళ్లో బతికిస్తారులే అవ్వా. ముందు కత్తి కొంటా."

"నేను ఆడ కుళ్లిపోతాంటే నీకు కత్తి కావాల్నా? ముందు నన్ను లేపు!"

"నువ్వు మాటిమాటికీ చస్తాంటావు గదవ్వా!"

విసుక్కుంటూనే గుడికి పోయి లేపించింది. ఆ ముసలిది పెట్టెలోంచి లేచి, ఒంటిమీద చెంబెడు నీళ్లయినా పోసుకోకుండా వాళ్ల వెంటే నడిచింది. నాకే రోత పుట్టి, తలకు పోసుకోవడానికి పోయాను.