ముందు ఈల

ఆళ్లగడ్డ దగ్గర కంబగిరి అనే కుర్రాడి ఊళ్లో రెండు పార్టీలు, రెండు టీ అంగళ్లు. ఒక పార్టీ తాగే అంగట్లో రెండో పార్టీ మంచినీళ్లు కూడా ముట్టదు. అలాంటి ఊరు, ప్రాణాలిచ్చి తమ ఊరిని కాపాడుకున్న సిక్కు వీరుల సినిమా చూడ్డానికి నంద్యాలకు కదిలింది. రెండు జీపుల్లో వెళ్లి, హాల్లో ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క కూర్చున్నారు.

"ఊరంతా ఒకే పక్క నిలబడేది యాడన్నా ఉందా? కత రాసినోనికి ఏమీ తెల్దు" అన్నాడు కంబగిరి వాళ్ల పార్టీ పెద్ద మద్దిలేటి.

తెర మీద ముసలి సర్దారు కత్తి దూశాడు. కంబగిరికి ఒళ్లు పులకరించి వేళ్లు నోటిదాకా వెళ్లాయి. అంతలో అవతలి పార్టీ ఈల వేసేసింది. ఇంకేముంది, సిక్కులు వాళ్ల మనుషులైపోయారు! ఊరిని తగలబెట్టడానికొచ్చిన దండుకు ఈలలు వేయాల్సిన ఖర్మ కంబగిరి పార్టీకి పట్టింది. గుడిసె అంటుకున్నప్పుడల్లా లేచి కాగితాలు చించి ఎగరేశారు.

చివరికి సర్దారు ఊరి వాకిట్లోనే నేలకొరిగాడు. ఎంత ఆపుకున్నా కంబగిరి కళ్లు ఆగలేదు. పక్కనున్న మద్దిలేటి చూడనే చూశాడు.

"ఏందప్పా, వాళ్లోని కోసం ఏడుస్తాండావా?"

"కాదన్నా. మన దండులో గుర్రం చచ్చిపాయ, దానికి."

మద్దిలేటి మెత్తబడి భుజం తట్టాడు.

"ఏడువప్పా, ఏడువు. అది మన గుర్రమే."