బంతి చేతికా, చేయి బంతికా

టక్, టక్, టక్, ఇది అన్నయ్య బూటే, ముఖం మీద తువ్వాలు కప్పుకుని ఉన్నా తెలుస్తుంది, బల్ల అంచుకు బూటు కొట్టి మట్టి రాల్చడంలో కూడా తొందరలేని మనిషి, గెలిచినా అంతే, ఓడినా అంతే, ఇవాళ ఓడాం, ఆట ముగియబోతుండగా పెనాల్టీతో ఓడాం, ఇక తలుపు గడియ పడుతుంది, పడింది, ఓడిన రోజు మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు ఆనవాయితీ ఇది, స్నానాలకు ముందే, చెమట ఆరకముందే, ఒక్కొక్కరూ లేచి ఓటమికి కారకుడెవరో పేరు పెట్టి చెప్పాలి, ఎక్కువ నోళ్ళలో పడ్డ పేరుకు ఈ సీజన్‌లో ఇక ఆట ఉండదు, వయసు మీరినవాడికైతే ఎప్పటికీ ఉండదు, అన్నయ్య మోకాలి కట్టు విప్పుతున్న చప్పుడు, నేను తువ్వాలు తీయలేదు.

బంతి వచ్చి అన్నయ్య చేతికి తగిలిందా, చెయ్యే బంతికి అడ్డం వెళ్ళిందా, ముందు అది తేలాలి, అంటున్నాడు గోల్‌కీపరు, జారి పడుతున్నవాడు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు, జేబులోనా, అంటున్నాడు, దానికి మా కెప్టెన్, పగలంతా వెల్డింగు చేసి సాయంత్రం మాటలతో వాతలు పెట్టేవాడు, పోయిన నెల మనవాడి చేతికి తగిలితే ఇదే రెఫరీ ఆడండి ఆడండి అన్నాడు, ఆవేళ దేవుడు, ఇవాళ గుడ్డివాడా, అనేసరికి గది గొల్లుమంది, ఆయన కంటికి ఎలా కనిపిస్తే అదే న్యాయం, రెఫరీని బెంచీ మీద కూర్చోబెట్టలేం కదా, కూర్చునేవాడు ఈ గదిలోవాడే కావాలి, అన్నాడు మళ్ళీ కెప్టెనే, అయినా గోలు కొట్టాల్సినవాడు కొడితే ఒక్క పెనాల్టీ మనల్నేం చేస్తుంది, ఈ మాట నాకే, తువ్వాలు లాగేశారు, ఏం పెళ్ళికూతురా, సిగ్గా, నువ్వు గోలు కొట్టి ఎన్నాళ్ళయిందో మీ ఆవిడకైనా గుర్తుందా, ఫామ్ ఎవడి సొత్తూ కాదురా, వాడికి మళ్ళీ వస్తుంది, అన్నాడు అన్నయ్య, వాడికి ఫామ్ వస్తుంది సరే, నీకు మోకాలు వస్తుందా, అన్నాడు కెప్టెన్, మళ్ళీ నవ్వులు, ఆ నవ్వుల్లో నాదీ ఒకటి, చిన్నదే, అన్నయ్యకు వినిపించింది.

ఆ బంతి పోగొట్టింది నేను, ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు, అందరి కళ్ళూ చేతి మీదే, మైదానం నడిమధ్య కాలి కిందున్న బంతిని చేజార్చుకుని, వెనక్కి పరుగెత్తకుండా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను, నేను వదిలిన ఖాళీకి అన్నయ్య ఆ మోకాలితోనే అడ్డం పడ్డాడు, ముందు కాలు జారింది, తర్వాత చెయ్యి నేలకు ఆనింది, ఆ తర్వాతే బంతి తగిలింది, ఆ వరుసలోనే చూశాను, చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో గోలు గీసి ముందు తాను నిలబడేవాడు, నన్ను కొట్టమనేవాడు, ఏడుపు ముఖం పెడితే చాలు, బంతి వదిలేసేవాడు, గోలు కొట్టడం ఆ గోడ దగ్గర నేర్చుకున్నానో లేదో గానీ, అన్నయ్య వదిలేస్తాడని మాత్రం అక్కడే నేర్చుకున్నాను.

పేర్లు మొదలయ్యాయి, ఒక నోట తన పేరు, ఒక నోట నా పేరు, మళ్ళీ తనది, మళ్ళీ నాది, ఒకే తల్లి బిడ్డలం త్రాసులో సరిసమానంగా తూగుతున్నాం, అన్నయ్య వంతు వచ్చింది, బంతి పోగొట్టిందెవరో తనకూ తెలుసు, నా పేరు అంటే చాలు త్రాసు నా వైపు మొగ్గుతుంది, రెఫరీ, అన్నాడు, రెఫరీ లెక్కలోకి రాడని తెలిసే అన్నాడు, కెప్టెన్ చప్పట్లు కొట్టాడు, ఎంత మంచివాడివయ్యా నువ్వు, ఓటు మురిక్కాలవలో వేశావు, సరే, మిగిలింది ఒక్క నోరే, ఇక తమ్ముడుగారు సెలవివ్వాలి.

అన్నయ్య, అన్నాను, ఏ అన్నయ్యరా, ఇక్కడ సగంమంది నీకు అన్నలే, పేరు చెప్పు, అన్నాడు కెప్టెన్, అన్నయ్య తలెత్తలేదు, కట్టుగుడ్డను చుట్టలా చుడుతున్నాడు, ఇంతసేపూ రెఫరీని గుడ్డివాడని తిట్టాం, ఆయనకు మధ్యలో ఇద్దరు అడ్డం, రెప్పపాటులో ఊహించాడు, ఈల ఊదాడు, ఇంటికెళ్ళి పళ్ళెం ముందు కూర్చున్నాక ఆ సందేహం ఆయన్ని పీకుతూనే ఉంటుంది, నాకు ఎవరూ అడ్డం లేరు, కావలసినంత వ్యవధి ఉంది, అంతా చూశాను, ఆయనకున్న ఆ కాస్త సందేహం కూడా నాకు లేదు, తప్పు తనది కాదని ఈ గదిలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు, అది తెలిసే, గొంతు సవరించుకుని, మాటలు వచ్చిన నాటి నుంచి మొట్టమొదటిసారి, మా అమ్మ పెట్టిన ఆ పేరును, గదంతా వినిపించేలా, అక్షరం తడబడకుండా పలికాను.