నల్ల నదిలో లూసీ బాప్తిస్మం

పద్నాలుగేళ్లు నిండాక మా లూసీ బాప్తిస్మానికి ఒప్పుకుంది. కానీ చర్చి తొట్టిలో కాదట, సెయింట్ మేరీస్ నదిలోనట. మేముండే జాక్సన్‌విల్ నుంచి గంట దూరం. నీళ్లు డికాషన్‌లా ఉంటాయి.

"అది నదా, మురుగు కాలవా?" అన్నాను. నేను నర్సుని, నీళ్ల సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా ఒంగోలులో చెరువు నీళ్లు బురదగా వస్తే కుండలో ఇండుపగింజ అరగదీసేవాళ్లం. తెల్లారేసరికి బురదంతా అడుగుకి దిగేది. సామానులో తెచ్చుకున్న గింజ ఒకటి వెతికి తీసి, నది నుంచి సీసాలో పట్టుకొచ్చిన నీళ్లు గాజు గిన్నెలో పోసి అరగదీశాను. మర్నాడు చూస్తే అడుగున ఏమీ లేదు. నీళ్ల ఎరుపు ఇసుమంతైనా తగ్గలేదు.

"మమ్మీ, దాంట్లో మడ్ లేదు. స్వాంప్‌లో లీవ్స్ నానుతాయ్, ఇయర్స్ అండ్ ఇయర్స్. టీ లాగ," అంది లూసీ.

"ఇంకేం దేవకుమారీ, పంచదార కలుపు," అన్నారు మా ఆయన సుందర్ రాజ్.

నిజానికి నా బాధ మురికి గురించి కాదు. లోపల ఏముందో కనపడదు, అదీ బాధ. ఈమధ్య లూసీ కూడా అలాగే తయారైంది. గది తలుపు వేసుకుంటుంది, నేను వెళ్లి తీస్తాను. ఫోన్‌లో గుసగుసలాడుతుంది, నేను పక్కనే నిలబడతాను. ఒక్కగానొక్క కూతురు మరి.

మే నెల ఆదివారం. ఒడ్డున ఇసుక తెల్లగా ఉంది. సైప్రస్ చెట్లు నీళ్లలోనే నిలబడ్డాయి, కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడలు జడలుగా వేలాడుతోంది. గాలి లేదు. నీటిలో ఇంకో ఆకాశం, తలకిందులుగా ఇంకో అడవి. పాములాంటి మెడ ఉన్న పక్షి ఒకటి మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది. తాబేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి నిద్రపోతున్నాయి. నేను చెయ్యి ముంచాను. వేళ్లు తేనెరంగుకి తిరిగాయి. మణికట్టు దాకా దించితే రాగిరంగు. ఇంకా దించితే చెయ్యే లేదు. ఎంత అందంగా ఉందో అంత భయం వేసింది.

మా చర్చి పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు లూసీని నడుముల్లోతుకి తీసుకెళ్లారు. ఒడ్డున మావాళ్లు కీర్తన ఎత్తుకున్నారు. ఆయన లూసీని మెల్లగా వెనక్కి వంచారు. తెల్లగౌను తేనెరంగైంది, ఎర్రబడింది, మాయమైంది. నా బిడ్డ ముఖం ఒక్కటే మిగిలింది. అదీ పోతోంది అనేసరికి చీరతో, చెప్పులతో నీళ్లలోకి దూసుకెళ్లి భుజం పట్టి పైకి లాగేశాను.

కీర్తన ఆగిపోయింది.

లూసీ అరవలేదు. "మమ్మీ, ఈ రివరే ఎందుకు అడిగానో తెలుసా? దీంట్లో నువ్వు చూడలేవు. వన్ మినిట్, నేనూ గాడ్, అంతే," అంది.

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అయ్యగారు ఏం చెయ్యమంటావమ్మా అన్నట్టు నా వైపు చూస్తున్నారు.

"కానివ్వండి అయ్యగారూ," అన్నాను.

భుజం వదిలేసి, చెట్ల వైపు తిరిగి నిలబడ్డాను. నడుము చుట్టూ నీళ్లు గోరువెచ్చగా కదులుతున్నాయి. వెనకాల అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం పలికారు. నీళ్లు మూసుకున్న చప్పుడైంది. మెడ తిరగబోయింది. తిప్పలేదు.