ఓడెక్కిన నర్సాక్ జట్టు

ఆ వేసవిలో మా నర్సాక్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు గ్రీన్‌లాండ్ దక్షిణాది ఊళ్ళన్నిటినీ ఓడించి దేశపు పోటీలకు ఎంపికైంది. పోటీలు దూరాన ఉత్తరంలో, ఇలులిస్సాత్‌లో. అందరూ విమానం అనుకుంటుంటే మా కోచ్ బిబియానె ఓడే ఎక్కుదామని పట్టుబట్టింది. ఆమెది చేపల ఫ్యాక్టరీలో పని. యాభై దాటినా మాతో సమానంగా పరుగెత్తేది. ఊహ తెలిశాక ఉత్తరం ముఖం చూసింది లేదు. మబ్బుల మీదుగా పోతే ఏం కనబడుతుంది, దేశాన్ని పక్కనుంచి చూసుకుంటూ పోదాం అంది. మాకూ కావలసింది అదే. నేను గోల్‌కీపర్‌ని, పేరు నివీ. 

మొదట్లో అలల దెబ్బకు సగం జట్టు బకెట్లు పట్టుకుని కూర్చుంది. తేరుకున్నాక బిబియానె మమ్మల్ని డెక్ చుట్టూ పరుగెత్తించడం మొదలుపెట్టింది. ఓడ ఏ రేవులో ఆగినా ఎవరో ఒకరి బంధువులు నిలబడి ఉండేవారు. మనీట్సోక్‌లో ఆమె పినతల్లి కూతురు ఎండు చేపల సంచి ఒకటి మా మీదకు విసిరి, పిల్లల్ని పస్తు పెట్టకే అని కేకేసింది.

మనీట్సోక్ దాటాక ఆకాశం తెరిపిచ్చింది. ఓడలో పర్యాటకులు కూడా ఉండటంతో కెప్టెన్ కొండల మధ్యకు చొచ్చుకుపోయిన ఒక సముద్రపు పాయలోకి ఓడను తిప్పాడు. పాయ చివర హిమానీనదం కొండమీదినుంచి నేరుగా నీళ్ళలోకి దిగి నిలబడి ఉంది. పగుళ్ళ లోపలంతా నీలం. మా ఊరి కిటికీల ముందునుంచి మంచు తేలుతూ పోవడం మాకు కొత్త కాదు. అది బయలుదేరే చోటు మాత్రం ఎవరమూ చూసి ఎరగం. కెప్టెన్ ఇంజిన్ ఆపించాడు. ఓడ చుట్టూ మంచు ముక్కలు చిటపటలాడుతున్నాయి.

ముందు పైన తెల్లటి పొడి రాలింది. తర్వాత గోడలో ఒక భాగం మెల్లగా ముందుకు వంగింది. బిబియానె నా జెర్సీ గుప్పిట పట్టుకుంది.

"పుడుతోంది చూడవే, పుడుతోంది," అంది మంత్రసానిలా.

ముక్క నీళ్ళలో పడ్డాకగాని చప్పుడు మాదాకా రాలేదు. వచ్చినప్పుడు గుండెల్లో తగిలింది. అల వచ్చి ఓడను ఊపితే మేమంతా ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. ఇంకొకటి పడేదాకా ఆగమని ఆమె కెప్టెన్‌ను బతిమాలింది. కాన్పు తన చేతిలో లేదని చెప్పి ఆయన ఓడను వెనక్కి తిప్పాడు.

సిసిమియుత్ రేవులో మా జెర్సీలు చూసి ఒక ముసలాయన, మొదటి ఆట ఎవరితో అని అడిగాడు. ఇలులిస్సాత్‌తో అన్నాం.

"అయితే దారిలో బాగా తినండమ్మా. గెలుపెలాగూ దొరకదు, కడుపైనా నిండుతుంది," అన్నాడు.

ఆ ఒక్క మాటకు మేము ఆ రోజంతా డెక్ మీద చెమటలు కక్కాం.

ఇలులిస్సాత్ ఇళ్ళ కప్పులు కనబడుతుండగా ఓడ ఆగిపోయింది. గాలి మంచునంతా రేవు నోట్లోకి తోసేసిందట. అది కదిలేదాకా పెద్ద ఓడ లోపలికి వెళ్ళే వీలు లేదు. మా ఆట ఆ మధ్యాహ్నమే. సమయానికి మైదానంలో లేకపోతే గెలుపు వాళ్ళది. బిబియానె కెప్టెన్ దగ్గరకు వెళ్ళి రేడియోలో నిర్వాహకులకు సంగతి చెప్పింది. అక్కడే ఉండండి అని మాత్రం జవాబు వచ్చింది.

కాసేపటికి మంచుకొండల సందుల్లోంచి చిన్న చిన్న మరపడవలు బయటికి వచ్చాయి. ముందు పడవ నడుపుతున్నది ఎనోక్ అనే జాలరి. తన కూతురు ఆవియాజా ఎదుటి జట్టులో ఆడుతుందని చెప్పుకున్నాడు. బిబియానె నిచ్చెన దగ్గరే ఆగిపోయింది.

"మేం రాకపోతే ఆట మీదేగా? ఎందుకొచ్చారు?"

"ఊరంతా మైదానం చుట్టూ కూర్చుంది అక్కా. వాళ్ళకేం చూపించమంటావు, మంచునా?" అన్నాడు ఎనోక్.

తాడు నిచ్చెన మీదుగా పడవల్లోకి దిగాం. చర్చి అంత ఎత్తు మంచుకొండల మధ్య పడవ పట్టేంత దారి తెరుచుకుంటోంది, వెనకాలే మూసుకుపోతోంది. మంచు దగ్గరపడినప్పుడల్లా ఎనోక్ మోటారు పైకెత్తేవాడు. బిబియానె అడగకుండానే గెడ తీసుకుని పడవ ముక్కున కూర్చుని ముక్కల్ని పక్కకు తోసింది. ఎక్కడో కర్ర విరిగినట్టు చప్పుడైంది. ఎనోక్ పడవను ఒక్కసారిగా పక్కకు మలిపాడు. క్షణం ముందు మేమున్నచోట మంచు పెళ్ళ విరిగిపడి, చన్నీళ్ళు మా నెత్తిన కుమ్మరించినట్టయింది. భయంతో బిగుసుకుపోయిన నేను ఆమె నవ్వుతుంటే నవ్వేశాను.

తడిసిన జెర్సీలతోనే మైదానంలోకి దిగాం. మొదటి సగంలో ఎవరికీ గోల్ లేదు. తర్వాత ఒక మంచుకొండ తీరం దగ్గర ఉరుములాంటి మోతతో తల్లకిందులైంది. మా జట్టంతా అటు తిరిగి నిలబడిపోయింది. నేనూ తిరిగాను. ఆవియాజా తిరగలేదు. బంతి నా వెనక వలలో పడింది. ఊరివాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తిడుతుందని మైదానం గట్టువైపు చూస్తే బిబియానె కూడా నోరు తెరుచుకుని సముద్రాన్నే చూస్తోంది. సిగ్గుతో మాకు ఎక్కడలేని ఊపు వచ్చింది. చివర్లో ఒక గోల్ వేసి ఆట సమం చేశాం.

తర్వాతి ఆటల్లో ఒకటి గెలిచి, మిగతావి పోగొట్టుకున్నాం. కప్పు వేరే ఊరివాళ్ళు పట్టుకెళ్ళారు. అదంతా తర్వాతి మాట. ఆ మొదటి సాయంత్రం ఎనోక్ ఇంట్లో రెండు జట్లూ ఇరుక్కుని కూర్చుని సీల్ మాంసం చారు తాగాయి. ఆవియాజా నా గిన్నె నింపుతూ, "ఈసారి ఆటకి ముందే కడుపునిండా మంచు చూసి రా," అంది. 

బిబియానెకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. ఈ మంచు మొత్తం దిగివచ్చే చోటికి తీసుకెళ్ళమని ఎనోక్‌ను అడిగింది. పొద్దున్నే అక్కడ గాలాలు లాగాలి, పని చేస్తానంటే రమ్మన్నాడు ఆయన.

"ఎన్ని గాలాలున్నా లాగుతాను," అని ఆమె ఆయన భార్య బూట్లు తన కాలికి సరిపోతాయేమో చూసుకోవడానికి లేచింది.