ఎడమ చేతికి సుద్ద గీత

కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ కుట్టుమిషను దగ్గరే ఉంది. స్కూలు యూనిఫాం చొక్కాలకు చేతులు కత్తిరించి బల్ల మీద జతలుగా పెట్టుకుంది. ప్రతి జతలో ఒకదాని మీద తెల్లని సుద్ద గీత.

"ఇదేంటమ్మా?"

"అది ఎడమ చెయ్యి. గుర్తు పెట్టుకున్నా."

కూతురు చెప్పులు విప్పడం మరిచి అలాగే నిలబడింది. అమ్మకు పెళ్లికి ముందు నుంచీ కుట్టుపని వచ్చు. కరెంటు పోయినా, ఎవరితో కబుర్లాడుతున్నా, చేత్తో తడిమి ఏది ఎడమో ఏది కుడో చెప్పేసేది. ఆమె ఇలాంటి గుర్తులు పెట్టుకోవడం కూతురు ఎన్నడూ చూడలేదు.

ఈ గీత తన వల్లే వచ్చిందని మాత్రం వెంటనే అర్థమైంది.

అమ్మ ఒకసారి మెట్ల మీద తూలిపడబోతే డాక్టరు తాయ్ చీ నేర్చుకోమన్నాడు. నెమ్మదిగా చేసే వ్యాయామం. ఒంటి బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చడం అలవాటైతే పడిపోరన్నాడు. వీధి చివరి హాల్లో రోజూ పొద్దున నేర్పుతారు. అమ్మే సిగ్గుపడింది.

"నలుగురిలో నేను కుప్పిగంతులెయ్యలేనే తల్లీ. ముందు నువ్వు నేర్పు. చదువుకున్నదానివి, నీకు చూస్తే వచ్చేస్తుంది."

ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివింది కూతురే. కరెంటు బిల్లు దగ్గర నుంచి కంట్లో వేసుకునే చుక్కల మందు దాకా ఆమె చెప్పిందే వేదం. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది. అమ్మకు ఎదురుగా నిలబడి నేర్పింది. కుడి, ఎడమ అనలేదు. "ఇదిగో ఇలా, ఇటు" అంది. ఆమె కుడి చెయ్యి కదిపితే, అద్దంలో బొమ్మలాగా అమ్మ ఎడమ చెయ్యి కదిపింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఇద్దరం ఒకటే చేస్తున్నాం అనుకున్నారు.

అమ్మకు బాగా ఒంటబట్టాక, పోయిన వారం హాలుకు తీసుకెళ్లింది. మాస్టారు ముందు నిలబడి, అందరికీ వీపు పెట్టి మొదలుపెట్టారు. మబ్బుల్ని పక్కకు నెడుతున్నట్టు చేతులు తిప్పుతూ అందరూ ఎడమకు జరిగారు. అమ్మ ఒక్కతే కుడికి జరిగి, పక్కనున్న పెద్దాయనను ఢీకొట్టింది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు.

"అమ్మగారూ, రాంగ్ రూట్లో వస్తున్నారు! కనీసం హారనైనా కొట్టాలి కదండీ!"

అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే.

"ఎవరు నేర్పారమ్మా?" అని మాస్టారు అడిగారు.

గోడ పక్క కుర్చీలో కూర్చున్న కూతురికి అప్పటికే తప్పు తెలిసిపోయింది. ఎదురుగా నిలబడి నేర్పడం వల్ల అంతా తారుమారైంది. చెప్పడానికి నోరు తెరిచింది.

"మా అమ్మాయండీ, డిగ్రీ చదివింది. అది బాగానే నేర్పింది. నా బుర్రకే ఎక్కలేదు," అంది అమ్మ.

కూతురు తెరిచిన నోరు మూసుకుంది. జనం తెచ్చిన దరఖాస్తుల్లో తప్పులు పట్టి వెనక్కి పంపడమే ఆఫీసులో ఆమె పని. ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకుంది. ఇంటికెళ్లేసరికి ఆఫీసుకు టైమైంది. మర్నాటి నుంచి అమ్మ హాలుకు రానంది. అడిగితే మోకాలి నొప్పి అంది. అబద్ధమని తెలిసినా, మోకాలే కాబోలు అని కూతురు సర్దిచెప్పుకుంది.

ఇప్పుడు ఈ సుద్ద గీత.

"గుర్తెందుకమ్మా? నీకు తెలీదా ఏంటి?"

అమ్మ మిషను ఆపలేదు. "మీ పెద్దమ్మకు ఎలా మొదలైందో గుర్తుందా? ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని బజారుకొచ్చింది. మేమంతా పగలబడి నవ్వాం. ఏడాది తిరక్కుండా నన్నే పట్టుకుని 'ఎవరమ్మా నువ్వు' అంది." దారం పంటితో తెంపింది. "నాకూ కుడీ ఎడమా పోతున్నాయే. స్కూలు వాళ్ల మిగతా బట్ట కుట్టమని ఎదురింటావిడకు ఇచ్చేశా. పసిపిల్లల చొక్కాలు, పాడుచేస్తే ఎలా?"

కూతురు బల్ల అంచు పట్టుకుంది.

"నీ బుర్రకేం కాలేదమ్మా. నేనే తప్పు నేర్పా. నీకు ఎదురుగా నిలబడ్డా కదా, నా కుడి నీకు ఎడమైంది. నువ్వు నేను చూపించింది చూపించినట్టు చేశావు."

మిషను ఆగింది. అమ్మ తన కుడి చెయ్యి ఎత్తి చూసుకుంది. ఎదురుగా ఉన్న కూతురి చేతుల్ని చూసింది.

"అంటే, నాకేం లేదా?"

"ఏం లేదు."

"ఒట్టు?"

"ఒట్టమ్మా."

అమ్మ బరువుగా ఊపిరి వదిలింది. నవ్వు రాబోయి పెదాల మీదే ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అంటే చాలు. అమ్మ నమ్ముతుంది. ఏం చెప్పినా నమ్ముతుంది.

"హాల్లోనే. నువ్వు డ్రైవరుగారిని ఢీకొట్టినప్పుడే."

అమ్మ తిట్టినా బాగుండేది. ఒక చొక్కా చెయ్యి తీసుకుని, సుద్ద గీతను బొటనవేలితో తుడవడం మొదలుపెట్టింది. కూతురు ఇంకొకటి అందుకోబోయింది.

"వద్దులే. నేను చేసుకుంటా."

అన్నీ తుడిచి, చేతులు దులుపుకుని లేచింది. "పద. ఆవిడ దగ్గర నా బట్ట తెచ్చుకోవాలి. ఎందుకిచ్చానో, ఎందుకు తీసుకుంటున్నానో నువ్వే చెప్పు."

మెట్ల దగ్గర కూతురు చెయ్యి అందించింది. అమ్మ గోడ పట్టుకుని దిగింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అమ్మ ఒక అడుగు పక్కకు జరిగి, కూతుర్ని ముందు నిలబెట్టింది.