తగ్గని నీళ్లు

మీర్‌పేటలో లలితకుమారి గారి మేడ మీది గదిలో మేం గోగునారతో దారం తయారుచేసేవాళ్లం. పళ్ల సందుల్లో ఇరుక్కున్నది తీసుకునే దారం. బజారులో దొరికేది నైలాన్‌ది, పారేస్తే మట్టిలో కలవదు. మాది కలుస్తుంది. రెబెక్కక్క నారను సన్నగా చీల్చి, పిక్క మీద పేనేది. నేను దాన్ని కరిగిన తేనెమైనంలో ముంచి, ఆరబెట్టి, అట్టముక్కలకు చుట్టేదాన్ని.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేక రెబెక్కక్క ఎల్బీ నగర్ నుంచి నడిచి వచ్చేది. ఆమె గేటు తీయగానే లలితకుమారి గారు టీవీ గొంతు తగ్గించేవారు. సొంతూరు గుంటూరు నుంచి ఫోన్ వస్తే లోపలి గదిలోకి వెళ్లి మాట్లాడేవారు.

దిల్‌సుఖ్‌నగర్ పళ్ల డాక్టరు మా దారం వెనక్కి పంపాడు. నోట్లో పెట్టగానే పురి విడిపోయి పీచులు లేస్తున్నాయట. బాగా చేసి పంపితే ఇంకోసారి చూస్తానన్నాడు.

ఆ సాయంత్రం లలితకుమారి గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. పేనేటప్పుడు చేతికి తడి ఉండాలని ఆవిడ రోజూ కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు గిన్నెలో పోసి రెబెక్కక్క పక్కన పెట్టేవారు. అవి పెట్టినవి పెట్టినట్టే ఉంటున్నాయట. తమ ఊళ్లో తాళ్లు పేనేవాళ్లు అరచేతిలో ఉమ్మేసుకోవడం చిన్నప్పుడు చూశారట.

"నీళ్లు ముట్టుకోకుండా పేనుతోందంటే ఇంకేం చేస్తున్నట్టు? జనం నోట్లో పెట్టుకునేదమ్మా అది. నువ్వు కాస్త కనిపెట్టి చూడు. నిజమైతే ఇంక రావద్దని చెప్పేస్తా."

మర్నాడు మైనం కలుపుతూ చూస్తూనే ఉన్నాను. రెబెక్కక్క గోడవైపు తిరిగి కూర్చుంది. ఒకసారి ఆమె చెయ్యి మొహం దాకా వెళ్లింది. చెమట తుడుచుకుందో, ఉమ్ముకుందో తెలియలేదు. నాకూ అనుమానం పట్టుకుంది.

లలితకుమారి గారు ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఏదీ, చేతులు చూపించు రెబెక్కా," అన్నారు.

ఆమె అరచేతులు చాపింది. పొడిగా ఉన్నాయి. నార ఒరుసుకుని కందిపోయి, ఒకచోట పొక్కు లేచింది.

"నీళ్లు పెట్టానుగా. ఎందుకు ముట్టుకోవు?"

"మీ వంటింటి గిన్నె గద మేడం. ఇంతకుముందు ఒక ఇంట్ల చెంబు ముట్టిన్నని పనిలకెళ్లి తీసేసిన్రు. జర గట్టిగ పేనితె నీళ్లు లేకున్నా అయితదనుకున్న." తర్వాత ఆమె నా వైపు తిరిగింది. పొద్దుట్నుంచి నా చూపు ఆమెకు తెలుస్తూనే ఉందన్నమాట. "ఉమ్ముతున్ననుకున్నవా ఏంది, చెల్లె?"

నేను తల దించుకుని మైనం కలిపాను.

లలితకుమారి గారు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లారు. వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో కొత్త ప్లాస్టిక్ మగ్గు ఉంది. నీళ్లతో నింపి పెట్టి, "ఇది నీకే. ఎంత కావాలంటే అంత వాడుకో," అన్నారు. గొంతులో కోపం లేదు.

రెబెక్కక్క మగ్గు వైపు కాసేపు చూసింది. వేళ్లు ముంచి నార అందుకుంది. పురి గట్టిగా పడింది. ఆ దారాన్ని డాక్టరు ఒప్పుకున్నాడు.

రెబెక్కక్క పని పోలేదు. కానీ ఆ తర్వాత ఆమె చెయ్యి తడిపిన ప్రతిసారీ నాకు కనిపించేట్టు పైకెత్తేది. నేను ఎంత తల దించుకున్నా, ఎత్తేది.