ఆ మూడంగుళాలు

పొద్దున్నే మొగుడు గిన్నెలు తోముతున్నాడు! పన్నెండేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి. పైగా ఈల కూడానూ. ఆమెకి సంతోషం కలగలేదు సరికదా, గుండెల్లో రాయి పడింది. ఈయనగారు ఊరికే సబ్బు ముట్టుకునే మనిషి కాడు.

"ఇవాళ సెలవు పెట్టి పడుకోవోయ్. నడుం నొప్పంటున్నావుగా."

ఆ నొప్పి ఆరేళ్లనాటిది. "మాకు లేవా నడుములు?" అని అత్తగారు, "కూచుని పాత కాగితాలు చూడ్డానికి కూడా నడుం నొప్పేనా?" అని ఈయనా ఇన్నాళ్లూ వేళాకోళం చేసినదే. ఇవాళే ఎందుకింత జాలి?

పాత కాగితాలు చూడటమే ఆమె ఉద్యోగం. డిజైన్ కాలేజీలో ఇళ్ల ప్లాన్ల చరిత్ర రాస్తుంది. యాభై ఏళ్ల ప్లాన్లు తిరగేస్తే ప్రతి ఇంట్లో వంటగట్టు ఎత్తు ఒకటే, మూడడుగుల మూడంగుళాలు. ఆ మూడంగుళాలు ఎక్కడివని ఆరా తీస్తే, మొదటి ప్లాను గీసిన ముసలాయన దొరికాడు. ఆరడుగుల మనిషి. "ఏముందమ్మా, నా నడుం దగ్గర టేపు పెట్టి చూసుకున్నా," అన్నాడు. తర్వాతివాళ్లంతా ఆ ప్లాను మీద పల్చటి కాగితం పరిచి మక్కీకి మక్కీ గీసి, తేదీ మాత్రం మార్చారు. ఒక్కడూ ఓ ఆడమనిషిని పక్కన నిలబెట్టి చూడలేదు. ఒళ్లు మండిపోయింది ఆమెకి. రెండు వందల మంది ఆడవాళ్ల మోచేతుల ఎత్తు కొలిచి రిపోర్టు రాసింది. పేదలకి కట్టబోయే నాలుగు వేల ఇళ్లకి ఏ కొలత వాడాలో ఇవాళ్టి మీటింగులో తేలుతుంది.

నిన్న ప్రొఫెసరు పిలిచి, "వంటగట్టు పేజీలు తీసేశాలేమ్మా, చిన్న విషయం," అన్నాడు. ఎందుకో అప్పుడర్థం కాలేదు.

"మీటింగు గురించి బెంగపడకు. మీ ప్రొఫెసరు వెళ్తానన్నాడు," అన్నాడు మొగుడు, పళ్లెం తుడుస్తూ.

"ఆయన మీకెప్పుడు చెప్పారు?"

ఈల ఆగింది. "అంటే... మా కంపెనీకే వచ్చిందిగా ఆ ఇళ్ల పని. పాత కొలతకే వంటగట్ల అచ్చులు చేయించేశాం. ఇప్పుడు మార్చమంటే నా ఉద్యోగం ఏం కావాలి? అయినా అంగుళాల కోసం ఇంత రభసా?"

అదీ సంగతి! ఇద్దరూ కలిసి ఆమె వెనకాలే పని కానిచ్చేశారు. నిన్నటి నుంచీ లోపల తొలుస్తున్న అనుమానం నిజమేనని తేలాక, ఏడుపు రావాల్సింది పోయి కోపం వచ్చింది.

"ఛీ, కాలికి అడ్డంగా ఈ చెక్కేమిటి ఇక్కడ?" విసుక్కుంటూ దాన్ని కాలితో పక్కకి తోశాడు మొగుడు.

ఆమె ఆ చెక్కకేసే చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్లుగా రోజుకి మూడు పూటలా దానిమీద నిలబడితేనే సింకు అడుగుకి ఆమె చెయ్యి అందేది. ఆ సంగతి ఈ మనిషికి తెలియనే తెలియదు.

వంగి చెక్కని తీసుకుంది, తుడిచి సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికి?"

"మీటింగుకి. పేజీలు తీసేయించారుగా, దీన్నెలా తీయిస్తారో చూస్తాను."